ఉమ్మెత్త పువ్వు వెంట

గుడైనా చర్చైనా ఒక్కడినే వెళ్లి చూడటం నా అలవాటు. తిరుమలాయపాలెంలో బస్సెక్కుతుంటే తెలిసినవాళ్లు తప్పకుండా అడుగుతారు, “ఒక్కడివే పోతున్నవా?” అని. నలుగురితో పోతే దర్శనం, ప్రసాదం, ఫోటోలు అన్నీ టైముకు అయిపోతాయి. స్తంభాల దగ్గర నిలబడే తీరిక మాత్రం దొరకదు. నేను పోయేదే స్తంభాల కోసం.

పొద్దున్నే కూసుమంచి వెళ్లాను. గణపేశ్వరాలయం కాకతీయుల నాటిది. గర్భగుడిలో శివలింగం ఎంత పెద్దదంటే, ఎదురుగా నిలబడ్డ మనిషి చిన్నబోతాడు. ఇక్కడ తొందర లేదు, రాతికి ఆనుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. శివుడికి ఇష్టమని భక్తులు ఉమ్మెత్త పూలు తెస్తారు. ఈ పువ్వు సంగతి గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం ఖమ్మంలో రైలెక్కితే అరగంట ప్రయాణం డోర్నకల్. అక్కడి ఎపిఫనీ కెథెడ్రల్‌ను దూరం నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు కనిపించి మసీదేమో అనిపిస్తుంది. దగ్గరికి పోతే రాతి స్తంభాలు, గుడి మండపం పోలిక. కట్టించినది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో మిషనరీగా ఇటు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలని అడిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. కెథెడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది.

లోపల నేను ఎప్పుడూ కింది నుంచి మొదలుపెడతాను. పీఠం, కాండం, ఆ తర్వాతే తల పైకెత్తడం. ముందే పైకి చూస్తే గుమ్మటం తప్ప ఇంకేమీ గుర్తుండదు. ఇక్కడి చెక్కడాల్లో తామర ఉంది, అరటి మొగ్గ ఉంది, ఉమ్మెత్త ఉంది, సిలువ ఉంది. ఉమ్మెత్త విషం కాబట్టి మరణానికి గుర్తు, అరటి జీవానికి, తామర ఈ దేశానికి. పొద్దున శివుడి పూజకు పనికొచ్చే పువ్వే సాయంత్రానికి సిలువ పక్కన మృత్యువై కనిపించింది. రెండు చోట్లా విషం విషమే. ఒకచోట దేవుడు దాన్ని మింగి గొంతులో నిలుపుకున్నాడు, ఇంకోచోట చచ్చి మూడో రోజు లేచి దాన్ని గెలిచాడు. వెంట ఎవరన్నా ఉండి ఉంటే ఈ మాట పైకి అనేవాణ్ణి, వాదన మొదలయ్యేది, చూడటం ఆగిపోయేది.

మెదక్ చర్చి ఇంతకంటే పెద్దది, పేరున్నది. 1924 నాటి గోథిక్ కట్టడం, దాని రంగుటద్దాలు ఇంగ్లండువి. దాని ముందు నిలబడితే మెచ్చుకోబుద్ధవుతుంది. డోర్నకల్‌లో కూర్చోబుద్ధవుతుంది. నా ఓటు డోర్నకల్‌కే.

అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. సమాధి డోర్నకల్‌లోనే ఉంది. కాజీపేట, విజయవాడ వైపు నుంచి వచ్చి భద్రాచలం రోడ్ బండి కోసం ఈ జంక్షన్‌లో దిగేవాళ్లు చాలామందే. రాములవారి దర్శనానికి పోతూ బండి ఆలస్యమైతే, బెంచీ మీద కునికిపాట్లు పడే బదులు చర్చి దాకా పోయి రావచ్చు. ఆదివారం ఆరాధన వేళ మాత్రం వద్దు. ఆ గంట సంఘస్తులది.