అడుగున కూర్చునే చేపకు అన్నం పెట్టడం

అక్వేరియం షాపులో బంబుల్‌బీ గోబీని రంగు చూసి కొనేస్తారు. అంగుళం పైచిలుకు ఒళ్లు, దానిమీద పసుపు, నలుపు పట్టీలు. ముద్దొస్తుంది. నెల తిరిగేసరికి ఒక్కొక్కటే చచ్చి తేలుతుంది. నీళ్లు పడలేదనో, రోగం తగిలిందనో సరిపెట్టుకుంటారు గానీ చాలా ఇళ్లలో అసలు కారణం ఆకలి. పైనుంచి చల్లే పొడి మేతను ఈ చేప తిండి కింద లెక్కే వెయ్యదు.

గోబీలు మనకు కొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల్లో పులుసు పెట్టుకునే ఇసుకదొందు ఈ కోవదే. కోరంగి మడ అడవుల్లో బురదమీద గెంతే మడ్‌స్కిప్పర్లు వీటికి చుట్టాలు. జపాన్ మాజీ చక్రవర్తి అకిహితో గోబీలమీద జీవితమంతా పరిశోధన చేసిన మనిషి; 2021లో కూడా రెండు కొత్త జాతులను లోకానికి పరిచయం చేశారు.

చాలా గోబీలకు ఈతకు సాయపడే గాలితిత్తి ఉండదు. అందుకే అడుగునే ఉంటాయి. పొట్ట కింది రెక్కలు రెండూ కలిసిపోయి, రాతినో గాజునో అంటిపెట్టుకోవడానికి పనికొస్తాయి. కాబట్టి వీటికి తొట్టి ఎత్తు దండగ, అడుగు వైశాల్యమే ముఖ్యం. రెండడుగుల తొట్టి, సన్నటి ఇసుక, నత్తగుల్లలు, కుండపెంకులు, మెల్లగా నడిచే స్పాంజి ఫిల్టరు చాలు. చేపలు వెయ్యకముందే నాలుగైదు వారాలు ఫిల్టరు నడిపి నీటిని కుదురుకోనివ్వాలి. రెండు మూడు చేపలే ఉంటే బలమైనది మిగతావాటిని బతకనివ్వదు. ఎనిమిదో పదో ఉంటే ఆ తగాదా అందరికీ పంచుకుపోతుంది.

షాపుల్లో దొరికేవాటిలో ఎక్కువభాగం కాస్త ఉప్పదనం ఉన్న నీటిలో బాగుంటాయి. లీటరుకు 5 గ్రాముల సముద్రపు అక్వేరియం ఉప్పు కలిపితే సరిపోతుంది. వంటింటి ఉప్పు వద్దు, అందులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి తగినంత ఉండవు. ఎండాకాలం తొట్టి నీరు తగ్గితే మాత్రం ఉప్పు కలపని నీళ్లే పొయ్యాలి. ఆవిరయ్యేది నీరు, ఉప్పు అక్కడే ఉంటుంది. చాలామంది తప్పేది ఇక్కడే. గట్టి బోరునీరు మిగతా చేపల విషయంలో తలనొప్పి, వీటికి మాత్రం వరం.

ఇక తిండి. ఈ చేపకు కదిలే, బతికున్న మేత కావాలి. అందుకు ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి పనికొస్తుంది; రొయ్యల హేచరీల చుట్టుపక్కల వాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు. ఇంట్లోనూ పొదిగించుకోవచ్చు. సీసాలో లీటరు నీళ్లు, 25 గ్రాముల ఉప్పు, చిటికెడు గుడ్లు, అడుగునుంచి గాలి, మీద ఒక దీపం. సుమారు 28 డిగ్రీల వేడిలో ఒక రోజులో పిల్లలు బయటికొస్తాయి. గాలి ఆపగానే పెంకులు పైకి తేలుతాయి, దీపాన్ని సీసా అడుగు పక్కకు తెస్తే పిల్లలు ఆ వెలుతురు వైపు గుంపు కడతాయి. సన్నటి గొట్టంతో వాటిని లాగి, బట్టలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వెయ్యాలి.

అప్పుడు చూడాలి గోబీని. ఒళ్లు కదలదు, కళ్లు మాత్రం తిరుగుతుంటాయి. ఆర్టీమియా మూతి ముందుకు రాగానే ఒక్క కుదుపు, మింగడం, మళ్లీ అదే గుల్లమీద కూర్చోవడం. గప్పీల్లాంటి చురుకైన చేపలు పక్కనుంటే దీని వంతు రాకముందే మేత ఖాళీ. పైగా నెమ్మదైన చేపల రెక్కలు ఇది కొరుకుతుంది కూడా. అందుకే దీనికి వేరుకాపురమే మేలు.

కడుపునిండా తినే మగచేప గుల్లలో ఆడదానిచేత గుడ్లు పెట్టించి, అవి పొదిగేదాకా రెక్కలు ఊపుతూ కాపలా కాస్తుంది. బయటికొచ్చే పిల్లలకు ఆర్టీమియా సైతం పెద్ద ముద్దే. అంతకన్నా చిన్న జీవులైన రోటిఫర్లు సిద్ధంగా లేకపోతే ఆ పిల్లలు దక్కవు. అయినా మగచేప కాసే ఆ కాపలా చూడటానికైనా ఈ చేపను పెంచాలంటాను.

కొనేముందు షాపువాణ్ణి బతికున్న మేత వేసి చూపించమనండి. పొట్ట లోపలికి పీక్కుపోయిన చేపను తీసుకోవద్దు. మేత వెయ్యడానికి ఒప్పుకోకపోతే ఆ షాపులో కొనకండి.