పేరు చెరిపిన రాజ్యాంగం

రాజ్యాంగాన్ని కూడా సాహిత్య రచనను చదివినట్టే చదవాలంటాను. కర్త ఎవరు, ఏ మాట ఉంచారు, ఏ మాట కొట్టివేశారు అని చూస్తే దాని వర్గస్వభావం బయటపడుతుంది.

యూరోపియన్ యూనియన్‌కు రాజ్యాంగం రాయడానికి జిస్కార్ దెస్తాంగ్ అధ్యక్షతన కూర్చున్న పెద్దలు 2003 ముసాయిదా మొదట్లో గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడిస్ మాటను పెట్టారు. అధికారం అధికసంఖ్యాకులదైతేనే ప్రజాస్వామ్యం అని దాని సారాంశం. 2004లో ప్రభుత్వాలు సంతకాలు చేసిన ప్రతిలో ఆ మాట లేదు. ప్రవేశిక బెల్జియం రాజుగారితో మొదలై రాజులు, రాణులు, అధ్యక్షుల వరసగా సాగుతుంది. మన రాజ్యాంగాన్నీ ప్రజల ఓటుకు పెట్టలేదు. అయినా దాని ప్రవేశికలో ప్రజలనే కర్తలుగా ఒప్పుకోక తప్పలేదు.

2005 మే 29న ఫ్రాన్స్‌లో ఓటేసిన వారిలో సుమారు 55 శాతం, జూన్ 1న నెదర్లాండ్స్‌లో 61 శాతానికి పైగా ఆ రాజ్యాంగాన్ని తిరస్కరించారు. అప్పుడు పాలకులు చేసిందేమిటి? 2007లో లిస్బన్ ఒడంబడిక రాసుకున్నారు. రాజ్యాంగమన్న పేరు తీసేశారు. జెండా, గీతాల అధికరణం తీసేశారు. విదేశాంగ మంత్రిని ‘ఉన్నత ప్రతినిధి’ని చేశారు. యూనియన్ చట్టమే సభ్యదేశాల చట్టాలకు పైదన్న సూత్రాన్ని అధికరణంలోంచి తీసి అనుబంధ ప్రకటనలో పెట్టారు. 1964లో కోస్టా అనే ఇటలీ పౌరుడి కరెంటు బిల్లు కేసులో యూరప్ న్యాయస్థానం నిలబెట్టిన సూత్రమది. దానికేమీ కాలేదు. అధికారం అలాగే వుంది. దాన్ని గుర్తుపట్టే మాటలు పోయాయి. మాటలతోపాటు ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రజలను మళ్లీ అడగవలసిన బాధ్యతా పోయింది. ఓటు పెట్టిన ఐర్లండ్ 2008లో కాదంటే, కొన్ని హామీలిచ్చి 2009లో మళ్లీ అడిగి అవుననిపించుకున్నారు.

అయితే సార్వభౌమాధికారాన్ని జాతీయ రాజ్యానికి తిరిగి అప్పగిస్తే చాలునా? చాలదు. ఈ ఒడంబడికలపై సంతకాలు చేసింది జాతీయ ప్రభుత్వాలే. బ్రస్సెల్స్ మండలిలో కూర్చుని చట్టాలకు చేతులెత్తే మంత్రులే ఇంటికొచ్చి బ్రస్సెల్స్‌ను తిడతారు. 1979 నుంచి ప్రజలు నేరుగా ఎన్నుకుంటున్న యూరప్ పార్లమెంటుకు చట్టాన్ని ప్రతిపాదించే హక్కు నేటికీ లేదు. అది ప్రధానంగా కమిషన్ చేతిలో వుంది. తప్పు రెండు చోట్లా వుంది గనుక, జాతీయోన్మాదుల కేకలను ప్రజల గొంతు అనుకోవడం ప్రమాదకరం.

2015 జూలై 5న గ్రీసు ప్రజలు 61 శాతం ఓట్లతో అప్పులవాళ్ల షరతులను కాదన్నారు. 13వ తేదీకల్లా వారి ప్రభుత్వం కఠిన షరతులకు తలవొగ్గింది. ప్రవేశికలో ప్రజల పేరు రాయించుకోవడం అవసరమే. కాని ప్రజలు ‘కాదు’ అన్నప్పుడు ఆగవలసింది ఎవరో తేల్చని రాజ్యాంగం, పేరు ఏదైనా, పాలకుల మధ్య ఒప్పందపత్రమే.