తెలిసిన మాటలతో తెలియని మాట

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల నిఘంటువుని మనం అర్థం దొరికేదాకానే చూస్తాం. ఆ అర్థం రాసినవాడి పనితనం మీద చూపు ఆగదు. ఆగవలసిన చోటు మైకేల్ వెస్ట్. ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాలలో పనిచేసిన ఈ ఆంగ్లేయుడు, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవడానికి పడే అవస్థని దగ్గరుండి చూశాడు. 1935లో జేమ్స్ ఎండికాట్‌తో కలిసి ఒక నిఘంటువు తెచ్చాడు. అందులో వివరించినవి సుమారు 24,000 పదాలు, పదబంధాలు. వివరించడానికి వాడుకున్నవి 1,490 మాటలే.

ఈ కట్టుబాటు ఎంత కఠినమో ఒకసారి ఆలోచించండి. బిగ్ అంటే లార్జ్, లార్జ్ అంటే బిగ్ అని రాసేస్తే చదివేవాడు అక్కడక్కడే తిరుగుతుంటాడు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి మహా నిఘంటువులో నెట్‌వర్క్‌కి ఇచ్చిన వివరణ, ఆ మాటకన్నా ఎంతో కఠినం. భాష వచ్చినవాళ్ల కోసం రాసిన పుస్తకం కాబట్టి అక్కడ చెల్లింది. వెస్ట్‌కి ఆ వెసులుబాటు లేదు. తట్టిన పర్యాయపదం జాబితాలో లేకపోతే దాన్ని వదులుకోవాలి. అప్పుడిక ఆ వస్తువు ఎలా ఉంటుంది, దేనికి పనికొస్తుంది, ఎవరు వాడతారు అని మొదటినుంచి ఆలోచించక తప్పదు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 మాటలతో ఇదే దారి పట్టింది. జాబితా దాటిన మాట వాడక తప్పనప్పుడు దాన్ని వేరే అక్షరాల్లో అచ్చువేసి చదువరికి ముందే చూపింది. ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం.

1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ బృందం తెచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఇంకో అడుగు వేసింది. జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషుని కంప్యూటర్‌లో పోగుచేసి, మాట ఏ మాటల పక్కన కనబడుతోందో గమనించింది. అర్థాన్ని ముక్కగా ఇవ్వకుండా పూర్తి వాక్యంగా చెప్పింది. కమిట్ అంటే 'చేయు' అని బట్టీపట్టిన మన విద్యార్థి హోమ్‌వర్క్‌నీ కమిట్ చేస్తానంటే తప్పు అతనిది కాదు, ఆ ఒంటిమాట అర్థానిది. కోబిల్డ్ పద్ధతిలో నేరమో పాపమో అర్థం చెప్పే వాక్యంలోనే ఉంటుంది. దేన్ని కమిట్ చేస్తారో వేరే చెప్పక్కర్లేదు. అర్థం చదువుతూనే వాడుక ఒంటబడుతుంది.

ఇలా పూర్తి వాక్యాలు రాయడంవల్ల పుస్తకం లావెక్కుతుందన్న విమర్శ ఉంది, నిజమే. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు వచ్చేసరికి పరిమిత పదజాలం 'ఒక రకం చెట్టు' దగ్గరే ఆగిపోవడం కూడా నిజమే. అక్కడ బొమ్మ వేయడమే మేలు. కానీ కోపం, అనుమానం, మొహమాటం లాంటివాటికి బొమ్మ చాలదు, వాక్యమే కావాలి. ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట అలా అవుతారో చిన్న మాటల్లో చెప్పాలి.