ఊరి గ్రంథాలయానికి పదిహేనేళ్ల లెక్క

ఒక ప్రాంతంలో ఏ ఊరికి ఎలాంటి గ్రంథాలయం కావాలి, దానికి డబ్బు ఏ దారిన వస్తుంది, పొద్దున్నే తాళం ఎవరు తీస్తారు, పుస్తకాలు ఎన్నేళ్లకోసారి మారతాయి అన్న సంగతులను పది పదిహేనేళ్ల ముందుచూపుతో కాగితం మీద పెట్టడమే గ్రామీణ గ్రంథాలయ వ్యవస్థకు దీర్ఘకాలిక ప్రణాళిక. చాలాచోట్ల ఈ పని భవనంతో మొదలై భవనంతోనే ముగుస్తుంది. శంకుస్థాపన, ప్రారంభోత్సవం అయ్యాక రోజువారీ ఖర్చు సంగతి ఎవరికీ పట్టదు. ప్రణాళిక అసలు నడవాల్సింది అక్కడి నుంచే.

తెలుగునాట ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి విడివిడిగా ఉన్న పఠన మందిరాలను ఒక తాటి మీదికి తెచ్చిన కాలమది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని వెనుక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఉంది. ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్న మార్టూరు అప్పుడు మద్రాసు పాలనలోని గుంటూరు జిల్లాలోది కాబట్టి ఆ చట్టం ఇక్కడా అమలైంది. ప్రతి జిల్లాలో ఒక గ్రంథాలయ సంస్థ ఉండాలనీ, అది తన పరిధిలో గ్రంథాలయ సేవ విస్తరించడానికి పథకం తయారుచేసి ఆమోదానికి పంపాలనీ అందులో ఉంది. రంగనాథన్ అంతటితో ఆగలేదు. 1950లో దేశం మొత్తానికి ముప్పయ్యేళ్ల గ్రంథాలయాభివృద్ధి ప్రణాళికను పుస్తకంగా వేశాడు. ఎన్ని గ్రంథాలయాలు, ఎంతమంది సిబ్బంది, ఏ ఏటికి ఏది అని అంచెలంచెలుగా లెక్క కట్టిన పుస్తకమది. ఆ లెక్కలు నెరవేరిన మేర తక్కువే. అయినా, ఏ ఏడు ఏం చేయాలో తేదీ వేసి చెప్పకపోతే అది ప్రణాళిక కాదు, వినతిపత్రమే అని ఆ పుస్తకం చూస్తే అర్థమవుతుంది.

ఆంధ్ర ప్రాంతంలోని మద్రాసు చట్టాన్నీ, తెలంగాణలోని 1955 నాటి హైదరాబాదు చట్టాన్నీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తున్నది దీని కిందనే. వీటికి ఆధారం గ్రంథాలయ సెస్సు. మద్రాసు చట్టం నాడు ఆస్తిపన్ను రూపాయికి అర్ధణా ఉండేది, ఇప్పుడు రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను వెయ్యి రూపాయలు కట్టే గృహస్థు తనకు తెలియకుండానే 80 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నాడు. రసీదు మీద ఆ గడి ఉంటుంది, చూసేవారు అరుదు. ఆ డబ్బును పంచాయతీ వసూలు చేసి జిల్లా సంస్థకు జమ చేయాలి.

ఇక్కడొక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఏటా 5 లక్షల ఇంటి పన్ను రావాల్సిన పంచాయతీ ఒకటి ఉందనుకుందాం. సెస్సు 40 వేలు అవుతుంది. అది నేరుగా ఆ ఊరి గ్రంథాలయానికి రాదు, జిల్లా నిధిలో కలిసి అవసరాన్ని బట్టి పంపకం అవుతుంది. అయినా లెక్క కోసం ఆ సొమ్మంతా ఆ ఊరికే వచ్చిందనుకుందాం. ఆరు దినపత్రికలకు ఏడాదికి 15 వేలు పోతాయి. కరెంటు, వారపత్రికలు, చిల్లర ఖర్చులకు 10 వేలు. మిగిలిన 15 వేలతో రెండేసి వందల రూపాయల పుస్తకాలు 75 వస్తాయి. ఆ గ్రంథాలయంలో మూడు వేల పుస్తకాలుంటే అన్నీ ఒక్కసారి మారడానికి నలభై ఏళ్లు పడుతుంది. ఇక పంచాయతీ సగమే జమ చేసిందనుకుంటే పుస్తకాలకు పైసా ఉండదు. పేపరు బిల్లు నెలనెలా వస్తుంది, కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు, పుస్తకం కొనకపోతే మాత్రం అడిగే నాథుడు లేడు. బకాయి దెబ్బ ముందుగా పుస్తకం మీదే పడడానికి కారణం ఇదే. ఉద్యోగుల జీతాల బరువు ఇందులో కలపనే లేదు.

కాబట్టి దీర్ఘకాలిక ప్రణాళికలో మొదటి పేజీ డిమాండ్, వసూలు, బకాయి పట్టికది. పంచాయతీ కార్యాలయాల్లో దీన్నే డీసీబీ అంటారు. మండలంలోని ఒక్కో పంచాయతీ గత పదేళ్లలో ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది, ఎంత ఆపింది అన్నది ఊరి పేరుతో సహా అందులో ఉండాలి. పంచాయతీలను తిట్టి లాభం లేదు. వీధి దీపాల బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతం నెత్తి మీద ఉన్న సర్పంచికి సెస్సు జమ ఎప్పుడూ రేపటి పనే. వసూలు రోజునే ఆ వాటా దానంతటదే సంస్థ ఖాతాలో పడే ఏర్పాటు ఒక్కటి కుదిరితే, ప్రణాళికలోని మిగతా పేజీలన్నింటికీ బలం వస్తుంది. సెస్సు కాక బయటి నుంచి సాయం చేసే రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972లో కోల్‌కతాలో ఏర్పడింది. అది రాష్ట్రం పెట్టే వాటాకు తన వాటా కలిపి పుస్తకాలు అందిస్తుంది. ఇలాంటి సాయం అదనపు రాబడే గానీ అసలు రాబడి కాదు. దాన్నే నమ్ముకుని వేసిన లెక్క ఒక్క ఏడాది ఆలస్యానికే తలకిందులవుతుంది.

డబ్బు తర్వాత తేల్చాల్సింది పాఠకుడెవరన్నది. మార్టూరు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద, చిలకలూరిపేటకూ ఒంగోలుకూ నడుమ ఉన్న మండల కేంద్రం. ఒకప్పటి గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా గీతలు ఇన్నిసార్లు మారినా జనం రాకపోకలు మారలేదు. మిర్చి గుంటూరు యార్డుకే వెళుతుంది. పరిధి గీసేటప్పుడు జిల్లా పటం కన్నా బస్సు వేళల పట్టిక ఎక్కువ పనికొస్తుంది. ఏ పల్లె నుంచి హైస్కూలు పిల్లలు, బ్యాంకు పని మీద వచ్చే పెద్దలు మార్టూరులో దిగుతారో ఆ పల్లెలే ఇక్కడి గ్రంథాలయం పరిధి.

జనాభా లెక్కల్లో కనిపించని పాఠకులూ ఇక్కడున్నారు. మార్టూరు చుట్టూ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు వెలిశాయి, రాయి బల్లికురవ వైపు క్వారీల నుంచి వస్తుంది. వాటిలో పనిచేసేవారిలో ఇతర రాష్ట్రాల వాళ్లు గణనీయంగా ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇక్కడి బళ్లలోనే చదువుకుంటారు. పదిహేనేళ్ల ప్రణాళిక రాసేవారు బీరువాలో ఒక అరను హిందీ బాలల పుస్తకాలకు కేటాయించకపోతే ఊరిని సగమే చూసినట్టు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్ల సంగతి వేరు. వాళ్లు సంచీలో తమ పుస్తకాలే తెచ్చుకుంటారు. కావాల్సింది బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం. పుస్తకం ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరులో వాళ్ల పేరు పడదు కాబట్టి ‘ఇక్కడ చదివేవారు లేరు’ అని నివేదికలు రాసేస్తుంటారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు.

వేళలు ఇంకా ముఖ్యం. శాఖా గ్రంథాలయాలకు అలవాటైన వేళలు ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, సెలవు శుక్రవారం. పింఛనుదారుకు ఇవి బాగానే సరిపోతాయి. పత్తి, మిర్చి మాగాణంలో కాదు, మెట్టలో పండే చోట సంవత్సరం వేరేలా తిరుగుతుంది. అక్టోబరు నుంచి పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిర్చి కోతలు. కోతల్లో ఆడవాళ్లు పొద్దు పొడవకముందే ఆటోలెక్కి వెళ్లి, పొద్దు గూకేవేళకు గానీ ఇల్లు చేరరు. కాయ కల్లంలో ఆరబోశాక రాత్రి కాపలా ఉంటుంది, మంచు పడితే పట్టా కప్పాలి, పొద్దున్నే మళ్లీ నెరపాలి. అప్పుడు గ్రంథాలయం తెరిచి ఉన్నా లేకపోయినా రైతు కుటుంబానికి ఒకటే. ఎండాకాలం చివర, కోతలు అయిపోయి తొలకరికి ముందు, చేతిలో కాస్త తీరిక ఉంటుంది, పిల్లలకు బడి ఉండదు. కొత్త పుస్తకాలు ఆర్థిక సంవత్సరం ముగిసే హడావుడిలో మార్చిలో కట్టలుగా దిగి, నంబర్లు పడి అరల్లోకి ఎక్కేసరికి బళ్లు తెరుస్తున్నారంటే ఆ ఏటి కొనుగోలు సగం వృథా. జనవరికల్లా పుస్తకాలు చేరి, ఏప్రిల్ నాటికి అరల్లో ఉండి, మే నెలలో సాయంత్రపు వేళ ఒక గంట పెరిగితే ఖర్చు పెద్దగా మారదు, పాఠకుల సంఖ్య మారుతుంది.

పాఠకుడు రాలేని చోటికి పుస్తకమే వెళ్లడం ఈ ప్రాంతానికి బాగా తెలిసిన పద్ధతి. గుంటూరు జిల్లా పెదపాలెంలో గ్రంథాలయం నడిపిన పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో తిరిగే పడవలో గ్రంథాలయం పెట్టాడు. అప్పట్లో డెల్టా ఊళ్ల మధ్య ప్రయాణం కాలువ మీదే. పడవ మెల్లగా సాగుతుంది, ప్రయాణికుడికి చేయడానికి పనేమీ ఉండదు. చదువుకునే తీరిక ఎక్కడుందో నాగభూషణం పసిగట్టాడు. ఆయన పడవ కట్టించలేదు, రోడ్డు వేయించలేదు. ఉన్న ప్రయాణంలోకి పుస్తకాన్ని ఎక్కించాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1931లో, తమిళనాడు మన్నార్‌గుడిలో ఎడ్లబండి మీద గ్రంథాలయం పల్లెలకు తిరిగింది. మార్టూరు వైపు కాలువల్లో పడవలు లేవు గానీ ఆ సూత్రం ఇక్కడా చెల్లుతుంది. పాలకేంద్రం, అంగన్‌వాడీ, పొదుపు సంఘం సమావేశం — రోజూ, వారం వారం జనం చేరే చోటు ప్రతి పల్లెలో ఒకటుంటుంది. వంద పుస్తకాల పెట్టె ఒకటి అక్కడ ఉంచి, మూడు నెలలకోసారి పక్క ఊరి పెట్టెతో మార్చితే చాలు. పది ఊళ్లకు పది పెట్టెలు తిరిగితే ఒక్కో ఊరికి వెయ్యి పుస్తకాలు దక్కినట్టే, అదీ రెండున్నరేళ్లలో. పుస్తక నిక్షిప్త కేంద్రాల పేరుతో వ్యవస్థలో ఇలాంటి ఏర్పాటు ఉంది. పెట్టె మారకపోవడమే దానికున్న జబ్బు. మార్పిడి తేదీ, ఆటో కిరాయి ప్రణాళికలో ముందే రాసి ఉంటే అది కొంత నయమవుతుంది.

పుస్తకాలు కొనడం ఎంత పనో తీసేయడమూ అంతే పని. పోటీ పరీక్షల గైడు రెండేళ్లకే పాతబడుతుంది. పాత జీఎస్టీ రేట్లున్న పుస్తకం, రద్దయిన పురుగుమందును సిఫారసు చేసే వ్యవసాయ పుస్తకం అరలో ఉంటే ఖాళీ అర కన్నా చేటు. అయినా అవి కదలవు. ప్రతి పుస్తకం యాక్సెషన్ రిజిస్టరులో నంబరు పడిన ప్రభుత్వ ఆస్తి, లెక్క తగ్గితే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలి, జీతంలోంచి పోతుందేమోనన్న భయం ఉంటుంది. అందుకని చెదపట్టిన పుస్తకాన్ని కూడా తాళం వేసి కాపాడతారు. ఏటా వందకు ఇన్ని చొప్పున రద్దు చేయవచ్చని సంస్థ రాతపూర్వకంగా అధికారమిచ్చి, నెలలోగా ఇద్దరు సభ్యుల కమిటీ సంతకం చేసే పద్ధతి పెడితే ఆ భయం పోతుంది.

రద్దు చేస్తే అరుదైనవి పోతాయనే అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు మార్టూరుకు ఆగ్నేయంగా, చీరాల పక్కన ఉంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత తెలుగు పత్రికల సంచికలు, అరుదైన పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు దూరాల నుంచి వస్తారు. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. భద్రపరిచే పని అలాంటి చోటిది, తిప్పే పని మండల గ్రంథాలయానిది. రెండు పనులూ ఒకే గదిలో పెట్టబోతే రెండూ చెడతాయి. మార్టూరులో 1950ల నాటి పత్రికల కట్ట దొరికితే అది వేటపాలెం లాంటి చోటికి చేరే దారి ప్రణాళికలో ఉంటే, మిగతా పాతవాటిని తీసేయడానికి ఎవరూ వెనుకాడనక్కర్లేదు.

మనిషి లేని గ్రంథాలయం గోదాముతో సమానం. పదవీ విరమణలు ముందే తేదీ తెలిసిన సంఘటనలు. పదిహేనేళ్లలో ఏ గ్రంథపాలకుడు ఏ నెలలో దిగిపోతాడో సేవా పుస్తకం చూస్తే తెలుస్తుంది. అయినా ప్రతి ఖాళీ పిడుగులా వచ్చిపడినట్టే ఉంటుంది, పక్క ఊరి ఆయనకు ఇన్‌చార్జి బాధ్యత ఇస్తారు, వారంలో మూడేసి రోజులు ఒక్కో చోట తలుపు మూతబడుతుంది. మొదటి నెలలో పాఠకుడు తిరిగి వెళ్లిపోతాడు, మూడో నెలకు రావడం మానేస్తాడు.

భవనం గురించి చెప్పాల్సింది తక్కువే. బస్టాండుకో బడికో నడక దూరంలో ఉండాలి, వాన నీరు దిగకూడదు, ఆడపిల్లలు వాడుకోగల మరుగుదొడ్డి ఉండాలి. 2021లో రాష్ట్రంలో గ్రామ పంచాయతీల్లో డిజిటల్ గ్రంథాలయాలు తలపెట్టారు. చాలాచోట్ల ఆ కట్టడాలు పూర్తి కాలేదు. పూర్తయిన చోటైనా కంప్యూటరు ఆయుష్షు ఐదారేళ్లు. దాన్ని మార్చే డబ్బు మొదటి రోజే పక్కన పెట్టకపోతే పదిహేనేళ్ల ప్రణాళికలో పదేళ్లు దుమ్ము కప్పుకుని ఉంటుంది.

ఇంత రాసినా పదిహేనేళ్ల కాగితం పదిహేనేళ్లూ అలాగే నిలవదు. అమెరికాలో చాలాకాలం దేశమంతటికీ ఒకే కొలబద్దలుండేవి, తలకు ఇన్ని పుస్తకాలు, ఇంత స్థలం అని. 1980లో అక్కడి ప్రజా గ్రంథాలయాల సంఘం వాటిని పక్కనపెట్టి, ప్రతి ఊరూ తన జనాన్ని పరిశీలించి తన లక్ష్యాలు తానే పెట్టుకునే ప్రణాళికా విధానాన్ని తెచ్చింది. మార్టూరుకూ ఆ పద్ధతే నప్పుతుంది. పెద్ద లక్ష్యాలు పదిహేనేళ్లకు, ఖర్చు లెక్క ఐదేళ్లకు, పని పట్టిక ఏడాదికి వేసుకోవాలి. ఏటా ఒక ఏడు కొట్టేసి చివర మరో ఏడు చేర్చాలి. కొలవాల్సినవి కూడా ఆరే: తలుపు తెరిచిన గంటలు, లోపల కూర్చున్న మనుషులు, ఇంటికి వెళ్లిన పుస్తకాలు, కొత్తగా చేరినవి, తీసేసినవి, పంచాయతీ జమ చేసిన సెస్సు.

ఈ సవరణకు వేరే సమావేశం అక్కర్లేదు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ జరుగుతాయి. సర్పంచి, ప్రధానోపాధ్యాయుడు, సంస్థ ప్రతినిధి ఒకే బల్ల ముందు కూర్చుంటారు, పిల్లలకు వ్యాసరచన పోటీ, బహుమతులు అయిపోయి ఇంకా గంట పొద్దుంటుంది. ఆ గంటలో నిరుటి లెక్క పైకి చదివి, వచ్చే ఏటి పట్టిక మీద సంతకాలు పెట్టించవచ్చు. మర్నాడు దాని నకలు ఒకటి జిల్లా సంస్థకూ, ఒకటి పంచాయతీకీ పంపి, మూడోది నోటీసు బోర్డుకు అంటిస్తే ఆ ఏటికి ప్రణాళిక పని అయినట్టే.