చెమట ఆరని వేళ అశ్వసేవ

పటాన్‌చెరు నేలపై, మృగశిర కార్తె ప్రవేశించి తొలివానలు కురిసిన పిమ్మట ఎండ తగ్గినదని మనుష్యులు సంతసించుట సహజమే గాని, రౌతును వీపున మోయు గుర్రమునకు గడ్డుకాలము అప్పుడే ఆరంభమగుచున్నది.

పరుగిడు గుర్రపు కండరములు వ్యయపఱచు శక్తిలో అధికభాగము వేడిగానే మారును. ఆ వేడిని వెడలగొట్టుటకు చెమటయే ప్రధాన సాధనము. అదియు మేనిపైనుండి ఆవిరియై పోయినప్పుడే చలువ నిచ్చును గాని, నేలకు కారిపోయినచో నీరును ఉప్పును నష్టమగుటయే మిగులును. ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్ డిగ్రీలలో గైకొని, దానికి గాలిలోని తేమ శాతమును కూడగా వచ్చిన సంఖ్య 130కి లోబడిన గుర్రము తనంత తానే చల్లబడగలదనియు, 150 దాటిన జాగ్రత్త వలయుననియు, 180ని మించిన స్వారి మానవలెననియు అశ్వపోషకులలో నొక లెక్క కలదు. వేసవి మధ్యాహ్నమున 104 డిగ్రీలును 25 శాతము తేమయు కలిసి 129 కాగా, శ్రావణమున 86 డిగ్రీలే యున్నను 85 శాతము తేమతో అది 171 అగును. వేసవి యెండ నిరపాయమని దీని భావము గాదు. చల్లని మబ్బును చూచి ఏమరరాదని మాత్రమే.

అశ్వపోషణ తెనుగువారికి క్రొత్త విద్య గాదు. గుర్రములు సముద్రముపై వచ్చు అమూల్యధనముగా నున్న కాలమున, వానిని రప్పించు రేవులను వృద్ధిపఱచుమని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా బోధించెను. మనుమంచిభట్టు అశ్వశాస్త్రమును తెనుగు పద్యములలో రచించెను. హైదరాబాదు మలక్‌పేటలో నేటికిని వానకాలపు పందెములు జరుగుచుండుటచే, ఈ విద్య గ్రంథములకే పరిమితము గాక గుర్రపు సంరక్షకులైన సాయీసుల చేతులలో సజీవముగా నున్నది.

ఆ చేతుల పనితన మెట్టిదనగా: తెల్లవాఱక మునుపే స్వారి ముగియునట్లు బయలుదేరుట, మరలివచ్చునప్పుడు చివరి దూరమున రౌతు దిగి, జీను పట్టీ వదులు చేసి, మెల్లగా నడిపించుట, జీను దింపినంతనే గాలి తగులు నీడకు చేర్చి, మెడ, రొమ్ము, తొడల లోపలి భాగములు మొదలుకొని మేనంతయు తడియునట్లు నీరు పోయుట. చన్నీరు కండరములను పట్టివేయునని వెనుకటి భయము. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలకై జరిగిన పరిశోధనలు మాత్రము వేడెక్కిన గుర్రమునకు చన్నీటి ధార హానిచేయక మేలే చేయునని స్థిరపఱచినవి. తడిగుడ్డను వీపున కప్పి విడుచుట కూడదు. అది గాలిని అడ్డగించి వేడిని బంధించును. త్రాగునీటిని నిరాకరింపరాదు, చెమటతో పోయిన లవణమునకై ఉలవ గుగ్గిళ్ళలో కొంత ఉప్పు కలిపిన చాలును. మేను ఆరిన పిమ్మటనే గొరపము పట్టవలెను.

అనుభవజ్ఞుడైన సాయీసు మొదట చూచునది గుర్రపు ముక్కుపుటములను. విశ్రాంతి నిచ్చినను అవి విప్పారియే యుండి ఊపిరి శాంతింపకున్నను, చిగురును వ్రేలితో నొక్కి విడిచినపుడు రెండు క్షణములలో ఎఱుపు మరలకున్నను, మేని వేడిమి 104 డిగ్రీలు దాటినను అది ప్రమాదము. అన్నిటికంటె ఘోరమైనది, కారవలసిన చెమట కారక మేను పొడిబాఱుట. అప్పుడు నీరు పోయుచునే పశువైద్యుని పిలువవలెను.

పటాన్‌చెరు, సంగారెడ్డి దారులలో శ్రావణమాసపు బారాతుకు నడచు గుర్రము జరీ కప్పడమును మోసి, దీపముల వేడికిని, తారురోడ్డు ఆవిరికిని నడుమ గడియలకొలది నిలుచును. దానికిని పందెపు గుర్రమునకు జరుగు ఉపచారమే జరుగవలెను. గుర్రమును కుదుర్చుకొను గృహస్థు బ్యాండుమేళమునకు బయానా ఇచ్చినప్పుడే ఊరేగింపు దారిలో రెండుచోట్ల నీటి తొట్లను, కొంత విరామమును గూడ ఏర్పాటు చేయుట ధర్మము. వరుని మోయు ప్రాణికి మనము చెల్లింపవలసిన కనీస మర్యాద అదియే.