పరిష్కర్తయుఁ బీఠికయు

వ్యాకరణమునకు లక్ష్యము ప్రయోగము. ప్రయోగమున కాశ్రయము గ్రంథము. గ్రంథము మనకు లభించుట పరిష్కర్త చేతిమీఁదుగా. కావున పరిష్కర్త తాను జేసిన పనిని దాఁచెనేని సూత్రము మొదలు నిఘంటువు వఱకు సర్వమును సంశయగ్రస్త మగును. పరిశోధనములను బ్రకటించువారు పాటింపవలసిన ధర్మములఁ గూర్చి నేఁడు విశ్వవిద్యాలయములలో విశేషముగాఁ జర్చ జరుగుచున్నది. ఆ ధర్మములు ప్రాచీనగ్రంథ పరిష్కరణమున కెంతవఱకుఁ జాలునో విమర్శించుట యీ వ్యాసమున కుద్దేశము.

తన మూలమును జెప్పుట మనకుఁ గ్రొత్త ధర్మము గాదు. పాణిని తన సూత్రములలో ఆపిశలి, కాశ్యపుఁడు, గార్గ్యుఁడు, గాలవుఁడు, చాక్రవర్మణుఁడు, భారద్వాజుఁడు, శాకటాయనుఁడు, శాకల్యుఁడు, సేనకుఁడు, స్ఫోటాయనుఁడు అను పదుగురు పూర్వాచార్యులను బేర్కొనెను. కాత్యాయనుఁడు సూత్రమున న్యూనత తోఁచినచో సూత్రమును దిద్దలేదు. వేఱుగా వార్తికము రచించెను. పతంజలి యా వార్తికములలోఁ గొన్నింటిని సమర్థించి, కొన్నింటిని నిరాకరించి, తన మతమును వేఱుగాఁ దెలిపెను. అందువలననే యిది సూత్రకారుని మాట, యిది వార్తికకారునిది, యిది భాష్యకారునిది యని విద్యార్థులు సయితము విడఁదీసి చెప్పఁగలుగుచున్నారు. ఆ వివేకము సడలినచో నేమగునో కాశికయే చూపుచున్నది. అందుఁ గొన్ని సూత్రముల పాఠమున వార్తికపదములు చేరిపోఁగా, భాష్యముతో సరిచూచి వానిని వేఱుచేయుట పిదపివారికి శ్రమ యయ్యెను.

ఈ ధర్మమునే మన కాలమున సుక్తంకరు పండితుఁడు మహాభారతపరిష్కరణమునఁ బాటించెను. పుణ్యపత్తనమందలి భండార్కరు ప్రాచ్యపరిశోధనాలయమువారి యీ మహాకార్యమున కాయన 1925లో ప్రధానసంపాదకుఁ డయ్యెను. 1933లో ఆదిపర్వము ముగిసినది. సమగ్రభారతము 1966లో ముగిసినది. ఆ ముద్రణమున సందేహాస్పదమైన పాఠము క్రింద అలవంటి రేఖ యుండును. వ్రాఁతప్రతులలో లేక సంపాదకుఁడే యూహించిన పాఠమునకు నక్షత్రపుగుర్తు యుండును. త్యజించిన పాఠము లన్నియు నడుగున నిలిచియుండును. ఆయన నిర్ణయము నచ్చనివాఁడు ఆ పుటలోని సామగ్రితోనే యాయనను ఖండింపవచ్చును. తన్ను ఖండించుటకుఁ దానే సాధనము లొసఁగినవాఁడే నిజమైన పరిష్కర్త యని నా మతము.

తెలుఁగున నీ విషయమునఁ బ్రాణసంకటమైన వివాదము లున్నవి. బ్రౌనుదొర 1829లో 693 వేమన పద్యములను బ్రకటించెను; 1839లో వాని సంఖ్య 1,164 అయ్యెను. అధికముగాఁ జేరిన ప్రతిపద్యమునకును మాతృక యేదో తెలిసినఁ గాని వేమన వాక్కును నిర్ణయింప వలనుపడదు. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవ ప్రథమభాగమును బ్రకటించి, కవి నన్నయకుఁ బూర్వుఁ డనిరి. ఆంధ్రవాఙ్మయచరిత్ర మొదటి పుటయే తాఱుమాఱగు మాట యది. వాదప్రతివాదములు దశాబ్దములు సాగినవి; గ్రంథమే కూటసృష్టి యనునంతవఱకుఁ గొందఱు పోయిరి. ఆ శంకను నేను సమర్థింపను. కాని యట్టి శంకకు సమాధానము పాండిత్యగౌరవము గాదు, వాగ్ధాటియుఁ గాదు, మాతృకాపరీక్ష యొక్కటే.

ఇచట నా దోషమును జెప్పక తప్పదు. ముప్పది యేండ్లకు ముందు నే నొక పరిష్కర్తకుఁ దాళపత్రములు చదివి వ్రాసియిచ్చుచుంటిని. ఒక పద్యపాదమున రెండక్షరములు పురుగు తినినవి. గణమును యతిని జూచి నే నొక క్రియారూపము నూహించి పూరించితిని. ఆయన మెచ్చి ముద్రించిరి. కుండలీకరణము లేదు, అధస్సూచి లేదు, పీఠికలో నా పేరును లేదు. పేరు లేకుండుట నాఁడు నన్ను నొప్పించెను. గుర్తు లేకుండుట నొప్పింపలేదు. పిదప శాస్త్రము పరిశీలింపఁగా నా రూపము సాధువు గాదని తెలిసి యట్లే బోధించుచుంటిని. ఒకనాఁ డొక విద్యార్థి యా ముద్రితగ్రంథమునే తెచ్చి, "అయ్యా, ప్రాచీనకవిప్రయోగ ముండఁగా మీ రేల తప్పందురు?" అని యడిగెను. ఆతఁడు చూపిన ప్రాచీనకవిని నేనే. ఆతనికి సత్యము చెప్పితిని. కాని యా పుస్తకము చదివిన తక్కినవారికిఁ జెప్పుట యెట్లు? ఇంతకాలము ప్రకటింపకుండుట పరిష్కర్త దోషము గాదు, నాదే.

ఇఁక నేఁటి నియమములు. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2018లో గ్రంథచౌర్యనివారణమునకై చేసిన నియమములలోఁ బోలిక 10 శాతము లోపల నున్నచో దండనము లేదు. సిద్ధాంతగ్రంథమున 60 శాతము మీఱినచోఁ బరిశోధకుని నమోదే రద్దగును. పరుల మాట తన దనుట నిది పట్టును, మెచ్చవలసినదే. కాని తన మాట పరుల దనుటను బట్టఁజాలదు. నేను బూరించిన రెండక్షరములకుఁ బోలిక సున్న. పరిష్కర్త చేయు దోషము చౌర్యమునకు విపర్యయము: తన సొత్తును పరుని యింటఁ బెట్టి యది వానిదే యనుట. ప్రచురణనీతి సంఘమువారు (కోప్) 2023లో, కృత్రిమమేధాయంత్రము గ్రంథకర్త కాజాలదనియు, దానిని వాడినవారు వాడిన విధమును దెలుపవలయుననియుఁ జెప్పిరి. యంత్రసాహాయ్యమునే చెప్పవలసినప్పుడు మనుష్యసాహాయ్యమును జెప్పకుండుట యెట్లు తగును?

కావునఁ బీఠిక యం దైదంశము లవశ్యము చెప్పవలయును. ఒకటి, మాతృక లెన్ని, యెచట నున్నవి, యెవరు చూడవచ్చును. రెండు, అవి యేలిపిలో, నేయవస్థలో నున్నవి. మూఁడు, చదివినవా రెవరు, సరిచూచినవా రెవరు. నాలుగు, ద్రవ్యసాహాయ్య మెవరిది. కవివంశమువారిదో కృతిపతివంశమువారిదో యైనచో నది మఱింత స్పష్టముగాఁ జెప్పవలయును. ఐదు, దిద్దిన ప్రతియక్షరమునకును గుర్తు. తాళపత్రములందు ఎకార ఒకారముల హ్రస్వదీర్ఘభేదము తఱచు గానరాదు, అరసున్నయు నట్లే. వానిని బెట్టినవాఁడు పరిష్కర్తయే యని యొక వాక్యమైన నుండవలదా?

ఇన్ని గుర్తులు పెట్టినచో గ్రంథమునకు సౌందర్యము చెడుననియు, విద్యార్థి గలఁతపడుననియుఁ గొందఱందురు. పాఠశాలలకు గుర్తులు లేని ముద్రణము వేఱుగా నుండవచ్చును. మూలముద్రణమున మాత్ర మవి యుండకతప్పదు. ఊహ యని చెప్పినచోఁ బాఠమునకు గౌరవము తగ్గునని మఱికొందఱు శంకింతురు. తగ్గవలసిన గౌరవము తగ్గుటయే న్యాయము. నేను బూరించిన యా రెండక్షరములను ముందుగా నాపేరఁ బ్రకటించి, పిదపఁ దప్పని త్రోసివేయుదును.