విరగక ముందే విల్లు చెప్పే సంగతులు

వేటకు వాడే కర్రవిల్లు ఉన్నట్టుండి విరిగిందని అనుకుంటాం. నిజానికి ఆ సంగతి అది చాలా ముందే చెబుతుంది. వెన్ను మీద సన్నని పేడు లేస్తుంది. లోపలివైపు వెంట్రుకంత గీత పడుతుంది. నారి లాగుతుంటే ఎక్కడో టిక్కుమంటుంది. ఆ గుర్తులు పట్టి, దీన్ని బాగుచేయాలా, పక్కనపెట్టి కొత్తది చెక్కాలా అని తేల్చుకోవడం విలువిద్యలో పెద్ద నేర్పు. విల్లు తయారీ ఎంత తెలిస్తే ఆ తీర్పు అంత సరిగ్గా ఉంటుంది.

ముందు చూడాల్సింది దెబ్బ ఎంతుందని కాదు, ఏ వైపుందని. నారి లాగినప్పుడు వేటగాడికి అవతలి వైపున్న వెన్ను సాగుతుంది, అతని వైపున్న కర్ర నలుగుతుంది. సాగే చోట దెబ్బ తగిలితే కర్ర చీలుతుంది, నలిగే చోట తగిలితే ముడతపడుతుంది. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు.

వెన్ను వైద్యం తెలుసుకోవాలంటే ఈషీ పనితనం చూడాలి. కాలిఫోర్నియాలోని యాహీ తెగలో చివరివాడిగా చరిత్రకెక్కిన ఈషీ 1911లో ఓరోవిల్ దగ్గర బయటి ప్రపంచానికి కనిపించాడు. 1916లో కన్నుమూశాడు. ఆ మధ్యకాలంలో వైద్యుడు శాక్స్‌టన్ పోప్ అతని దగ్గర విలువిద్య నేర్చుకుని, చూసినదంతా రాసిపెట్టాడు. ఈషీ విల్లు సుమారు 42 అంగుళాల జూనిపర్ కర్ర. దాని వెన్నును గరుకు చేసి, సాల్మన్ చేప తోలు ఉడికించి తీసిన జిగురు పూసేవాడు. జింక కాలి నరాలను నమిలి, పోగులుగా విడదీసి, ఒకదాని కొస మీద ఇంకొకటి వచ్చేలా దట్టంగా పరిచేవాడు. ఆరేదాకా విల్లో చెట్టు బెరడుతో బిగించి కట్టి ఉంచేవాడు.

నరం కర్రకన్నా ఎక్కువ సాగుతుంది. ఆరుతూ కుదించుకుపోయి కింది కర్రను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే వెన్ను మీద చిన్న పేడు లేచినప్పుడు దాని కిందికి జిగురు ఎక్కించి, చుట్టూ నరంతోగానీ పట్టుదారంతోగానీ ఒత్తుగా చుడితే విల్లు నిలబడే అవకాశం ఉంది. కర్ర ఈనె వెంట నిలువుగా పోయి, అంచును తాకకుండా ఆగిన బీట చాలాసార్లు ఆరుదలలో వచ్చినదే. దానికి జిగురు నింపితే సరిపోతుంది. పగులు ఈనెకు అడ్డంగా పోయినా, అంచు దాటినా ఆ విల్లును ఇక లాగకూడదు. కంటికి ఆనని పేడును పట్టడానికి వెన్ను మీద దూదిని మెల్లగా జరిపి చూడాలి. లేచిన చోట పోగు చిక్కుకుంటుంది.

లోపలివైపు కథ వేరు. అక్కడ కర్ర నలిగి సన్నని అడ్డగీతలు పడతాయి. పైన ఎంత దారం చుట్టినా నలిగిన కర్రకు పాత బలం రాదు. ఆ గీత పడిన చోట విల్లు మిగతా చోట్లకన్నా ఎక్కువగా వంగుతోందని అర్థం. తర్వాతి కాలంలో రాకుమారి ఎలిజబెత్‌కు చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్, 1545లో వెలువడిన తన ‘టాక్సోఫిలస్’ గ్రంథంలో దీనికి ఉపాయం చెప్పాడు. గీతలు చిన్నగా ఉన్నప్పుడే వాటి చుట్టుపక్కల కర్రను కొంచెం చెక్కి పలచన చేయమన్నాడు. దెబ్బతిన్న చోటును బలపరచడం కాదు, దాని ఇరుగుపొరుగును మెత్తబరచడం! అప్పుడు వంపు అందరికీ సమానంగా పంచినట్టవుతుంది, గీత అక్కడితో ఆగుతుంది. ఎంతో లోతైన ఆలోచన ఇది. విల్లంతా కలిసి ఒకే వంపు వంగుతుందని తెలిసినవాడికే అది తడుతుంది.

ఆ వైద్యానికి మూల్యం ఉంది. చెక్కినకొద్దీ విల్లు బలం తగ్గుతుంది. గురి చూసే పలకకు ఆ తగ్గుదల పెద్ద లెక్క కాదు. వేటలో అలా కాదు. బలం చాలని బాణం జంతువును చంపకుండా గాయపరిచి వదులుతుంది, అది అడవిలో ఎక్కడో నరకయాతన పడుతుంది. అందుకే వేటవిల్లు విషయంలో ‘నిలుస్తుందా’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఒక్క బాణంతో పని ముగించగలదా’ అని కూడా అడగాలి. లేదని తేలితే దాన్ని సాధనకు వాడుకోవచ్చు, వేటకు మాత్రం తీసుకుపోకూడదు. పురుగు తిన్న కర్ర, చివికిన కర్ర, లోతుగా నలిగిన కర్ర సాధనకు కూడా పనికిరావు. నిండుగా లాగినప్పుడు విరిగితే ముక్కలు ముఖం మీదికే వస్తాయి.

నారి విషయంలో తర్జనభర్జనే అక్కర్లేదు. పోగులు తెగుతుంటే మార్చేయాలి. లాగి వదిలే క్షణంలో నారి తెగితే, బాణంలోకి వెళ్లాల్సిన శక్తి కర్రలోనే ఉండిపోయి మంచి విల్లును కూడా విరిచేయగలదు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదనేది కూడా ఇందుకే. పని లేనప్పుడు నారి దించి ఉంచాలి. నారి ఎక్కించి వదిలేసినా, నిలబెట్టి ఉంచినా విల్లు అలిసిపోతుందని ఈషీ నమ్మేవాడు.

ఇదంతా తెలిసినా చాలామంది చెడిన విల్లునే పట్టుకు వేలాడతారు. చేతిలో ఇంకొకటి లేకపోవడమే అందుకు కారణం. విల్లుకర్ర నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆరాలి. పాతది విరిగాక చెట్టు వెతికితే ఆ ఏడాది వేట పోయినట్టే. అందుకని విల్లు బాగున్న రోజుల్లోనే ఇంకో కర్ర చీల్చి, నీడలో ఆరబెట్టుకోవాలి. అది సిద్ధంగా ఉన్నప్పుడే పాత విల్లు మీద నిజాయితీగా తీర్పు చెప్పగలం.